నిదానం గారి బండి

గడియారాలు బాగుచేసే ఆ పెద్దమనిషికి అమ్మానాన్నలు పెట్టిన పేరేమిటో వీధిలో ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆయన నిదానం గారే. ఆయన మోటారుసైకిలు వీధి మలుపు తిరిగిందని తెలిశాక పొయ్యి వెలిగించినా, గుమ్మం దగ్గరికి చేరేసరికి కాఫీ సిద్ధంగా ఉండేది. నిదానమే ప్రధానం అని లోకమంతా నోటితో అంటుంది, ఆయన బండితో అనేవారు. వీధి కుక్కలు సైతం ఆ బండి వెంటపడటం ఎప్పుడో మానేశాయి. వాటికీ ఓ పరువుంటుంది కదా.

బండి మాత్రం చక్కనిది. పాతకాలపు ఒంటి సిలిండరు ఇంజను. స్టార్టు చేసి వదిలేస్తే టక్... టక్... అని గోడగడియారంలా తీరిగ్గా కొట్టుకునేది. పొద్దున్నే ఆ చప్పుడు వింటూ కాఫీ తాగడం ఆయనకున్న ఒకే ఒక్క విలాసం. ఇక వెనక సీటు మీద ఆయన భార్య ఒక పక్కకు కూర్చుని, ఒళ్లో సంచి పెట్టుకుని, దారి పొడుగునా బఠాణీలు ఒలిచేవారు. వట్టి మాట కాదు, నిజంగానే ఒలిచేవారు. ఒక్క గింజ కింద పడేది కాదు.

అలాంటి బండిని కోడలు అడిగింది.

కోడలు వర్క్‌షాపులో లేత్ మిషన్ మీద పనిచేస్తుంది. ఇనుము చెక్కడంలో చెయ్యి తిరిగిన మనిషి. ఏటా వర్క్‌షాపుల వాళ్లంతా కొండదారి మీద పాత బండ్ల పందెం పెట్టుకుంటారు. బండి పాతదై ఉండాలి, ఇంజనులో చేసిన మార్పు నడిపేవాళ్ల చేతిపనై ఉండాలి. భర్త సరుకు లారీ తోలుతూ చుట్టపుచూపుగా ఇంటికొచ్చే మనిషి, అతనికి బండి లేదు. ఇంట్లో ఉన్న పాతబండి ఇదొక్కటే. మావగారు ఆలోచించి చెబుతానన్నారు. ఆలోచనలోనూ నిదానమే కాబట్టి జవాబు మర్నాడొచ్చింది.

"పందెం సంగతి నాకు తెలియదమ్మాయ్. బండి వెళ్లింది వెళ్లినట్టు తిరిగి రావాలి" అన్నారు. కోడలు మాటిచ్చింది.

ఇచ్చేటప్పుడు మనసులో ఏ కల్మషమూ లేదు. కార్బురేటరులో పెట్రోలు ఎక్కువ పోసే పెద్ద జెట్టు వేయాలని, సైలెన్సరు మార్చాలని మాత్రమే ఆమె అనుకుంది. పందెం అయ్యాక విప్పేసి పాతవి బిగించెయ్యొచ్చు. కానీ ఇంజను పక్కమూత తీసేసరికి లోపల ఫ్లైవీల్ కనబడింది. ఒక దెబ్బకూ మరో దెబ్బకూ మధ్య ఇంజను ఆగిపోకుండా ఊపు దాచిపెట్టే బరువు చక్రం అది. ఈ బండిలో తిరగలిరాయిలా ఉంది. మావగారి నిదానమంతా ఆ చక్రంలోనే ఉందని ఆమెకు అర్థమైపోయింది. కాస్త బరువు తగ్గితే ఇంజను చటుక్కున వేగం అందుకుంటుంది. చుట్టూ సమంగా ఆవగింజంత గీకితే ఎవరికి తెలుస్తుంది?

ఇనుము తీయడం మన చేతిలో ఉంది, తిరిగి పెట్టడం ఎవరి చేతిలోనూ లేదని వర్క్‌షాపు మేస్త్రీ పొద్దస్తమానం అంటుంటాడు. కొత్తగా పనిలో చేరినవాళ్లకు ఆ మాట చిలక్కి చెప్పినట్టు చెప్పేది కూడా ఈ కోడలే. చెప్పేవాళ్లకు వినే తీరిక ఎక్కడుంటుంది?

ఆవగింజంత గీకింది. బిగించి, కిక్కు కొట్టి, యాక్సిలరేటరు తిప్పింది. ఇంతకుముందు ఆవలించి, ఒళ్లు విరుచుకుని, సరేలే అన్నట్టు కదిలే ఇంజను చెయ్యి పడీపడకముందే గయ్యిమంది. కోడలికి నవ్వొచ్చింది. నూనె చేతులతో ఒక్కతే నిలబడి పిచ్చిదానిలా నవ్వింది. మళ్లీ విప్పి ఇంకొంచెం గీకింది. కూత ఇంకాస్త పైకి వెళ్లింది, దాంతోపాటు ఆమె నవ్వూ వెళ్లింది. ఈ గోలేమిటని మేస్త్రీ వచ్చి, తానూ ఒకసారి తిప్పి చూసి, మొహం వెలిగిపోగా, ఇంకొంచెం తీయొచ్చేమో అని గొణిగి వెళ్లాడు. నీతులు చెప్పేవాడే అలా అంటే కోడలిని ఏమని ఏం లాభం? లేత్ కింద ఇనుప రజను కుప్ప పడింది. తిరగలిరాయి కాస్తా పళ్లెమైంది.

అప్పుడు చెయ్యి వదిలి చూసింది. ఇంజను ఆగిపోయింది. మళ్లీ కిక్కు కొట్టి వదిలింది, మళ్లీ ఆగింది. స్క్రూలు ఎంత తిప్పినా ఒక్క టక్ లేదు. ఆ బండికిక పరుగు, నిద్ర తప్ప మూడోది రాదు. అంత పాత మోడల్ చక్రం ఏ కొట్లోనూ దొరకదు. మావగారు కాఫీ తాగుతూ వినే చప్పుడు నేలమీద రజనుగా పడి ఉంది.

పందెం రోజున మిగతా బండ్లన్నీ గీత దగ్గర బుద్ధిగా గుర్రుమంటూ నిలబడ్డాయి. ఈమెది మాత్రం కేకలు పెడుతూనే ఉంది, ఆపితే ఆగిపోతుంది మరి. జెండా పట్టుకున్నవాడు చెవులు మూసుకోవాలో జెండా ఊపాలో తెలియక జెండాతోనే చెవి మూసుకున్నాడు. దాన్నే ఊపినట్టు లెక్కేసి అందరూ దూకారు. కోడలు మొదటి మలుపులో తేలింది, ఆమె కడుపు ఇంకా గీత దగ్గరే ఉన్నట్టనిపించింది. రాళ్లూ చెట్లూ వెనక్కి ఉరుకుతుంటే హెల్మెట్ లోపల పగలబడి నవ్వుతూ కొండెక్కేసింది. ఆమె నవ్వడం ముగించేసరికి గానీ రెండో బండి పైకి రాలేదు.

దిగేటప్పుడు ఆ నవ్వు మెల్లగా ఇంకిపోయింది. ఇచ్చిన మాట గుర్తొచ్చింది.

ఇంటిముందు మావగారు కాఫీ గ్లాసుతో అరుగు మీద కూర్చుని ఉన్నారు, తన బండి చప్పుడు కోసం చెవులు రిక్కించి. అత్తగారు బఠాణీల సంచితో సిద్ధంగా ఉన్నారు, కూతురింటికి వెళ్లాలి. కోడలు నీళ్లు నమలలేదు.

"మావయ్యగారూ, మాట తప్పాను. చక్రం గీకేశాను. ఆ చప్పుడిక రాదు."

ఆయన గ్లాసు కింద పెట్టి బండెక్కారు. వెనక అత్తగారు ఎక్కి సంచి ఒళ్లో పెట్టుకున్నారు. ఆయన కిక్కు కొట్టి, అలవాటు ప్రకారం బండిని సుతారంగా కదిలించారు. ఆగిపోయింది. మళ్లీ కదిలించారు, మళ్లీ ఆగింది. ఆయన మొహం చూడలేక కోడలు తల దించుకుంది.

"గట్టిగా తిప్పాలి మావయ్యగారూ. అది మెల్లగా పోదు."

"నాకు గట్టిగా తిప్పడం రాదమ్మా" అన్నారాయన. ఆ మాటకు కోడలి కళ్లలో నీళ్లు తిరిగాయి.

వెనకనుంచి అత్తగారు బఠాణీ ఒలుస్తూనే అన్నారు: "తిప్పండి, నేనున్నాగా."

ఆయన తిప్పారు.

బండి ఎగిరి దూకింది. సంచి గాల్లోకి లేచి, బఠాణీలు వీధంతా వానలా కురిశాయి. అత్తగారు కెవ్వుమని మొగుడి నడుము రెండు చేతులా చుట్టేశారు. అరుగుల మీది జనం ముక్కున వేలేసుకున్నారు. పరువు మరిచిన కుక్కలన్నీ మొరుగుతూ వెంటపడ్డాయి. మలుపు అవతల కూత సన్నబడి, సన్నబడి, వినబడకుండా పోయింది. గ్లాసులో కాఫీ చల్లారింది. కోడలు బఠాణీలు ఏరుతూ కూర్చుంది.

చాలాసేపటికి వీధి రెండో చివరనుంచి వచ్చారు. మావగారి జుట్టు నిక్కబొడుచుకుంది, కళ్లజోడు ఒక చెవికే వేలాడుతోంది. అత్తగారి బుగ్గలు కందిపోయాయి. చెయ్యి వదలగానే ఇంజను ఠక్కున ఆగింది. ఆ నిశ్శబ్దాన్ని ఆయన కాసేపు విన్నారు. కోడలు ముందుకొచ్చి, అచ్చు పోయించి పాత బరువుకే కొత్త చక్రం చేసి బిగిస్తానని, తప్పకుండా బిగిస్తానని చెప్పింది.

ఆయన తన నడుము వైపు చూసుకున్నారు. అత్తగారి చేతులు ఇంకా అక్కడే ఉన్నాయి.

"ఇన్నాళ్లూ మీ అత్తయ్య వెనక ఉందో లేదో బఠాణీల చప్పుడునుబట్టి తెలుసుకునేవాణ్ణి" అన్నారు. తర్వాత కళ్లజోడు సర్దుకున్నారు. "చక్రం చేయించమ్మా. కానీ తొందరపడకు. నిదానమే ప్రధానం."

అని, మళ్లీ కిక్కు కొట్టారు.