సాగిన టేపు

టైలరమ్మ మిషన్ ఆపితే గదిలో గాలి కూడా ఆగినట్టుండేది. నూలు పింజలు ఎండలో తేలి తేలి, లైనింగు గుడ్డల మీద పడుకున్న ఆమె తొమ్మిది నెలల బుడ్డదాని రెప్పల మీద వాలేవి. తలలో చేరిన నీటిని పొట్టలోకి దించడానికి ఆ పిల్లకి చెవి వెనక చర్మం కింద సన్నటి గొట్టం వేసి మూడు వారాలైంది. షంట్ అంటారు దాన్ని. "వారం వారం తల కొలువు. గబగబా పెరిగినా, పిల్ల మరీ మత్తుగా ఉన్నా పరుగెత్తుకు రా" అని నర్సు ఇంటికి పంపేసింది.

ఆస్పత్రిలో కొలత నలభై నాలుగు సెంటీమీటర్లు. మొదటి వారం ఇంట్లో తన కుట్టు టేపుతో కొలిస్తే నలభై మూడే వచ్చింది. తల తగ్గిందని టైలరమ్మ కాళ్ళు నేలమీద ఆనలేదు. ఇవాళ, రెండో వారం, నలభై నాలుగు.

"ఆస్పత్రి లెక్కే కదా" అంది అత్త. "నిద్రపోతే పోనీవే. ఇన్నాళ్ళూ నిన్ను పోనిచ్చిందా?"

"పాలు కక్కింది అత్తయ్యా, రెండుసార్లు."

"నీ మొగుడూ కక్కేవాడు. ఇప్పుడు దున్నపోతులా లేడూ?"

టైలరమ్మకి నవ్వొచ్చింది, కానీ నిలవలేదు. పిల్లని భుజానికెత్తుకుని మాడు మీద వేలు పెట్టింది. మెత్తగా ఉండాల్సిన చోటు ఎంబ్రాయిడరీ రింగులో బిగించిన గుడ్డలా ఉంది. పిల్ల కళ్ళు నీళ్ళలో మునుగుతున్నట్టు కిందికే జారుతున్నాయి. టేపు ఒకటి చెబుతోంది, వేలు ఇంకోటి చెబుతోంది. పదేళ్ళుగా ఆమె టేపునే నమ్మింది.

"చెప్పులేసుకోండి అత్తయ్యా, పోదాం."

ఆస్పత్రిలో నర్సు తన కాగితం టేపు చుట్టింది. నలభై అయిదున్నర. రెండు టేపులూ పక్కపక్కన పరిచింది. టైలరమ్మది వాడి వాడి సాగిపోయింది, అందుకే ఉన్నదానికంటే తక్కువ చూపిస్తోంది. ఒంటినీ గుడ్డనీ అదే టేపుతో కొలిచింది కాబట్టి ఏ చొక్కా తేడా రాలేదు, ఏ గిరాకీ తిట్టలేదు. తప్పు పిల్ల తల మీదే బయటపడింది.

తల్లిదే తప్పనేవాళ్ళు నోరు మూసుకోండి. కొలవమని చెప్పి, ఒక కాగితం టేపు చేతిలో పెట్టకుండా పంపినవాళ్ళని అడగండి.

"గొట్టం మూసుకుపోయింది. ఇప్పుడే మారుస్తాం" అన్నాడు డాక్టరు. "రేపటిదాకా ఆగుంటే కష్టమయ్యేది."

మర్నాడు మధ్యాహ్నం బుడ్డది కళ్ళు తెరిచింది. చూపు మెల్లగా పైకి లేచింది, దుప్పటి మీంచి తల్లి చేతుల మీదికి, గడ్డం మీదికి. అక్కడ కాసేపు ఆగి, మొహాన్ని చేరింది.

"ఏంటే, గుర్తుపట్టావా?" అంది టైలరమ్మ.

పిల్ల ఆమె ముక్కు పట్టుకుని లాగింది.