ఇరవై ఎదురుచుట్లు

మార్గశిరం వచ్చిందంటే మైసమ్మకు పొద్దు కొట్టంలోనే మొదలయ్యేది. తెల్లవారుతూనే పేడ తీసి, తడిసిన నేల మీద బూడిద చల్లేది. పశువుల మీద రాత్రి కప్పిన గోనెపట్టాలను దండెం మీద ఆరవేసేది. పొయ్యి మీద ఉలవలు ఉడికేలోగా కుడితి కలిపి, చలికి పశువుల పళ్లు జివ్వుమనకుండా అందులో వేడినీళ్లు పోసేది. పాతికేళ్లుగా ఈ పనులు ఒకే వరుసలో సాగుతున్నాయి. భర్త మట్టయ్య పోయి పందొమ్మిది రోజులైనా ఆ వరుస తప్పలేదు.

కూతురు దుర్గమ్మకు భయం కలిగించింది ఉలవల కుండ. ఇంట్లో ఉన్న రెండెడ్లలో తెల్లెద్దు నాలుగు రోజుల కింద చచ్చిపోయింది. కర్రెద్దు అయిదు రోజులుగా గడ్డిపోచ ముట్టలేదు. అయినా తల్లి ప్రతి ఉదయం రెండెడ్లకు సరిపడా ఉలవలు ఉడికిస్తూనే ఉన్నది.

దుర్గమ్మను కోదాడకు ఇచ్చి నాలుగేళ్లయింది. తండ్రి పోయాడని కబురందిన రోజే వచ్చింది. వచ్చేసరికి దహనం కూడా అయిపోయింది. ఇప్పుడామెకు అయిదో నెల. తిరిగి పోదామంటే తల్లిని, ఆ ఎద్దును అట్లా వదిలి పోవడానికి కాళ్లు రాలేదు. పోలీసు చర్య జరిగి ఏడాది దాటినా నేరేడుచర్ల బాటలో సోదాలు ఆగలేదు. ఈ రోగం పాకినప్పటి నుంచి పశువుల అంగళ్లు కూడా మూతబడ్డాయి. కర్రెద్దు పోతే ఇంకొకటి దొరికే దారి లేదు. చిన్నాయన బిక్షపతి దగ్గర ఒక్క ఎద్దున్నది. దానికి కర్రెద్దు జోడయితేనే బావి మీద మోట నడుస్తుంది. మోట నడిస్తేనే యాసంగి నారుమడికి నీళ్లు. నారు కొసలు అప్పుడే పసుపెక్కుతున్నాయి.

ఆ ఉదయం తండా నుంచి బాల్యా వచ్చాడు. పశువుల రోగాలు తెలిసినవాడు. పడుకున్న ఎద్దు ముందు గొంతుక్కూర్చుని, మూతి తెరిచి చూశాడు, గిట్టలు విడదీసి చూశాడు.

“గాలికుంటు ముదిరింది అక్కా. నాలుక పొర ఊడింది. గిట్టల్ల పురుగు వడ్డది. మైలతుత్తం పెడుతున్నరా?”

“మిర్యాలగూడ దాంక పోయి తెచ్చిన,” అన్నాడు బిక్షపతి. “రెండు జాగల ఆపి మూట విప్పి సూసిన్రు. నీలంగ ఉన్నదేందిరా, బాంబు మందా అని అడిగిండొకడు. ఎద్దు కాలి మందు సారూ, కావాల్నంటె నీ కాలికి పెడుత సూడు అన్న.”

“అన్నవా?” అన్నది మైసమ్మ.

“మనసుల అనుకున్న వదినె.”

మైసమ్మ పెదవులు కొంచెం కదిలాయి. పందొమ్మిది రోజుల్లో తల్లి ముఖాన అంతమాత్రం వెలుగు చూడటం దుర్గమ్మకు అదే మొదలు.

బాల్యా చేతులు బూడిదతో రుద్దుకుని లేచాడు. “మందుతోని అయ్యే పని గాదిది. రెండు దినాలు, మూడు దినాలు. ఇగ మీ కల్లమే దిక్కు.”

ఆ మాట ఎవరో ఒకరు అంటారని ముగ్గురికీ తెలుసు.

మట్టయ్య కల్లంలో నడుమ గుంజ ఎప్పుడూ పశువుల కుడి వైపే ఉండాలి. వడ్లు తొక్కించేటప్పుడు ఒక వరుసగా బంతి కట్టిన పశువులు అట్లాగే తిరగాలి. పొరపాటున ఎడమకు తిరిగితే రాలిన గింజ లేచి మళ్లీ వెన్నుకు అతుక్కుంటుంది. తిరిగిన పశువుకూ, పలుపు పట్టి నడిపించిన మనిషికీ చుట్టుకొక రోజు వెనక్కు పోతుంది. ఒంటి నుంచీ పోతుంది, తలపు నుంచీ పోతుంది. అందుకే ఆ ఇంటివాళ్లు బంతి కట్టే ముందు గుంజ ఏ పక్కనున్నదో రెండుసార్లు చూసుకునేవారు. మట్టయ్య తాత ఒకప్పుడు బర్రె కోసం నాలుగు ఎదురుచుట్లు తిరిగి, నిడమనూరులో అంతకు ముందే తిని వచ్చిన పెళ్లి విందుకు మళ్లీ బయలుదేరాడని చెప్పుకునేవారు.

“ఎన్ని చుట్లు పడుతయి?” అని అడిగింది మైసమ్మ.

“రోగం కానొచ్చి పన్నెండు దినాలు. కని ఒంట్లకు వచ్చింది గప్పుడు గాదు.” బాల్యా కుడితితొట్టి వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు. “మట్టయ్యన్న పోయిన్నాడు సుట్టాల బండ్లు వచ్చినయి గదా. ఆ ఎడ్లు గీ తొట్లెనే నీళ్లు తాగినయి.”

అది నిజం. మరో రోజయితే పరాయి ఎడ్లను మట్టయ్య ఆ తొట్టి దరికి రానిచ్చేవాడు కాదు. ఆ రోజు అందరూ శవం దగ్గరే ఉన్నారు.

“అంటే ఆ దినం కూడా దాటాలె,” అన్నది మైసమ్మ. “ఇరవై.”

దుర్గమ్మ రోజులు లెక్కపెట్టుకున్నది. ఇరవై చుట్లు తిరిగితే తల్లి, తన భర్త బతికి ఉన్న రోజులోకి పోయి ఆగుతుంది.

“నేను తిప్పుతా,” అన్నది.

“అయిదో నెల కడుపుతోనా? నోరు మూసుకో.”

“నేను పట్టుకుంట,” అంటూ బిక్షపతి పలుపు అందుకున్నాడు. ఎద్దు తల కూడా ఎత్తలేదు. తోక మెలేశాడు, బుజ్జగించాడు, తిట్టాడు. మైసమ్మ వచ్చి దాని మెడ కింద చెయ్యి పెట్టగానే ముంగాళ్లు మడిచి లేవబోయి, మళ్లీ కూలబడింది. దూడగా ఉన్నప్పుడు దానికి వేలితో పాలు పట్టింది ఆమె.

“సూసినవా? ఇగ మాటలొద్దు.” ఆమె కూతురి వైపు తిరిగింది. “కల్లం దిగినంక మీ నాయిన సంగతి నాకు మళ్లా చెప్పు. నువ్వే చెప్పాలె, బజార్ల ఎవలో చెప్పొద్దు. ఏడుస్త. ఏడ్సి లేస్త. ఒకసారి లేచిన గదా.”

తొక్కించిన గడ్డి, వడ్లు కల్లంలోనే పరిచి ఉన్నాయి. బిక్షపతి, బాల్యా ఎద్దు పొట్ట కింద వెదురుబొంగు పెట్టి లేపి, కల్లం దాకా మోసినంత పని చేశారు. దుర్గమ్మ ఇరవై చింతగింజలు ఒడిలో పోసుకుని గట్టు మీద కూర్చున్నది. గుంజను ఎడమకు ఉంచుకుని మైసమ్మ నడక మొదలుపెట్టింది.

మొదటి చుట్టుకు ఎంతసేపు పట్టిందో చెప్పడం కష్టం. ఎద్దు ఒక్కొక్క గిట్టను నిప్పు మీద పెట్టినట్టు పెట్టింది. నోటి నుంచి నురుగు తీగలుగా జారింది. చుట్టు పూర్తయ్యేసరికి దాని కాళ్ల కింది వడ్లు కొన్ని సన్నగా గలగలమంటూ లేచి వెన్నులకు చేరాయి. దుర్గమ్మ ఒక చింతగింజను నేల మీద పెట్టింది.

మూడో చుట్టుకు వెదురుబొంగు అక్కరలేకపోయింది. అయిదో చుట్టులో మైసమ్మ ఆగి కొట్టం వైపు చూసింది.

“తెల్లెద్దేది? ఏడ కట్టేసిన్రు?”

అది చచ్చిన రోజు ఆమె నుంచి అప్పుడే జారిపోయింది.

“చిన్నాయన కొట్టంలో ఉందమ్మా. నడువు.”

“దానికి నీళ్లు వెట్టిన్రా?”

“పెట్టారు.” తల్లితో అబద్ధమాడి దుర్గమ్మ తల దించుకున్నది.

ఎనిమిదో చుట్టుకు మైసమ్మ కుడి మణికట్టు మీది మచ్చ పచ్చిదై రక్తం చిమ్మింది. పదకొండో నాడు గాజులు పగలగొట్టినప్పుడు దిగిన పెంకు గాయం అది. నెత్తురు రెండు చుక్కలు గడ్డిలో పడ్డాయి. తొమ్మిదో చుట్టుకు అక్కడ గాయమే లేదు. నున్నటి చర్మం మాత్రం ఉన్నది.

పదమూడో చుట్టు ముగిసేసరికి కర్రెద్దు తోక ఝాడించింది. గిట్టలు శుభ్రంగా ఉన్నాయి. నాలుక చాచి ముక్కు నాక్కుని, వంగి గడ్డి అందుకోబోయింది. మైసమ్మ పలుపు వదులు చేసి నిలబడింది.

“ఎద్దు మంచిగనే ఉన్నది గదా బిడ్డా! ఎదురుచుట్లెందుకు తిప్పుతున్న?” కళ్లు ఏడ్చి ఏడ్చి ఉబ్బి ఉన్నాయి. చావు జరిగి ఆరో రోజు నాటి ముఖం అది. ఎద్దుకు రోగం వచ్చిందనే సంగతి ఆమెకిక తెలియదు.

బిక్షపతి గట్టెక్కి గుసగుసగా అన్నాడు. “చాలు బిడ్డా. ఎద్దు నిలవడ్డది. వదినెకు అన్న పోయిండని ఇంక యాదికున్నది. మళ్లా చెప్పే పని ఉండది. గీడనే కల్లం దించుదాం.”

“బాల్యా మామా?” అన్నది దుర్గమ్మ.

బాల్యా ఎద్దు వైపు చూస్తూ తల అడ్డంగా ఆడించాడు. “పైకి లేదు, లోపలున్నది. వారం తిరగకముందే మళ్లా నురుగు కక్కుతది.”

దుర్గమ్మ ఒడిలో ఏడు గింజలున్నాయి. వాటిని గుప్పిట పట్టుకుంటే చెమటకు తడిశాయి. ఈ ఏడింటినీ దులిపేస్తే తల్లికి ఆ దెబ్బ రెండోసారి తగలదు. దులిపేస్తే వారంలో ఎద్దు పోతుంది, నారు పోతుంది. అప్పుడు తల్లి మళ్లీ పలుపు పట్టుకుంటుంది. ఇరవయ్యికి బదులు ఇరవై ఏడు చుట్లు తిరుగుతుంది.

“ఇంకా ఏడున్నాయి. నడువమ్మా.”

మైసమ్మ కూతురి గుప్పిట వైపు, ముఖం వైపు చూసింది. ఎదురుచుట్లు ఎవరూ ఊరికే తిప్పరని ఆమెకు తెలుసు. మళ్లీ ప్రశ్నించకుండా పలుపు బిగించింది.

ఆ తర్వాతి చుట్లు చూడటం ఎద్దు కుంటినప్పటి కంటే కష్టమైంది. ఎద్దు హాయిగా నడుస్తున్నది. మైసమ్మకు మాత్రం దుఃఖం చుట్టు చుట్టుకూ కొత్తదవుతున్నది. పదహారో చుట్టుకు వెక్కిళ్లు మొదలయ్యాయి. పద్దెనిమిదో చుట్టులో భర్తను పేరు పెట్టి పిలుస్తూ, రొమ్ము చరుచుకుంటూ, ఎద్దు మెడకు ఆనుకుని నడిచింది. పందొమ్మిదో చుట్టులో ఆమె గొంతు నుంచి వచ్చిన కేకకు గడ్డివాము మీది పిట్టలు లేచిపోయాయి. తాను రాకముందు ఈ ఇంట్లో ఆ రోజు ఎట్లా గడిచిందో దుర్గమ్మ అప్పుడే విన్నది. బిక్షపతి అటు తిరిగి నిలబడ్డాడు.

ఇరవయ్యో చుట్టు సగంలో ఆ ఏడుపు, ఊపిరి తీసుకోవడానికన్నట్టు ఆగింది. మళ్లీ రాలేదు. మైసమ్మ చెంపలు తుడుచుకుని, తడి అరచేతిని వింతగా చూసుకున్నది. మిగిలిన సగం చుట్టు మామూలుగా నడిచి వచ్చి గట్టు దగ్గర ఆగింది. దుర్గమ్మ చివరి గింజ నేల మీద పెట్టింది.

“అగో! నువ్వెప్పుడొస్తివి బిడ్డా? ఒక్కదానివే వస్తివా కోదాడ నుంచి? అల్లుడు రాలేదా?” ఆమె కంటికి కూతురి నడుం కూడా ఆనింది. “కడుపుతోని అట్ల బాటల పడి రావొచ్చునా? మీ నాయిన సూస్తె నిన్ను గాదు, అల్లుణ్ణి తిడుతడు.”

దుర్గమ్మ నేల మీది గింజలు ఏరి ఒడిలో పోసుకున్నది.

మైసమ్మ ఎద్దును కొట్టానికి తోలుకుపోయి ఉలవల గంప ముందు పెట్టింది. అది ఆత్రంగా మూతి ముంచింది. ఆమె దాని వీపు మీద చెయ్యి వేసి నిలబడి, నారుమడికి నీళ్లు పెట్టాలని, బావి కాడి నుంచి పెనిమిటి వచ్చేలోగా రొట్టెలు చెయ్యాలని, బిక్షపతి గడ్డం ఎందుకు పెంచాడని, తన ధోరణిలో మాట్లాడుతూ పోయింది. గంప ఖాళీ అయ్యేదాకా చెప్పకూడదని దుర్గమ్మ అనుకున్నది. ఎద్దు ఎప్పుడూ అంత తొందరగా తినలేదు.

గంప అడుగు కనబడింది. దుర్గమ్మ తల్లి రెండు చేతులూ పట్టుకుని, ఉలవపొట్టు మీదనే కూర్చోబెట్టి, కళ్లలోకి చూస్తూ చెప్పింది. నాయిన లేడని చెప్పింది. ఎన్ని రోజులైందో చెప్పింది. ఎద్దు సంగతి, చుట్ల సంగతి చెప్పింది.

మైసమ్మ ముందు నమ్మలేదు. తర్వాత బోసిపోయిన తన మెడను, చేతులను తడుముకుని గాజులు లేవని చూసి నమ్మింది. మొదటిసారి ఆ దుఃఖంలో ఆమె పక్కన కన్నకూతురు లేదు. ఈసారి దుర్గమ్మ భుజం తడిసి, రవికె ఒంటికి అతుక్కుపోయేదాకా ఆమె ఏడ్చింది. పొద్దు నడినెత్తికి వచ్చింది.

ఏడుపు తగ్గాక అడిగింది. “నేను ఉన్ననా దగ్గర?”

“నువ్వే ఉన్నావమ్మా. బావి గట్టు మీద కూలబడ్డాడంట. తల నీ ఒళ్లోనే పెట్టుకున్నావంట.”

“నాతోని ఏమన్న అన్నడా?”

దుర్గమ్మ బిక్షపతి వైపు చూసింది. ఇరవై చుట్లలో ఏమేం పోతాయో వాళ్లు ఉదయమంతా ఆలోచించారు. ఇది ఎవరికీ తట్టలేదు.

“ఏదో అన్నడు వదినె,” అన్నాడు నెమ్మదిగా. “నేను ఉరికొచ్చేసరికి ఆయన పెదవులు కదులుతున్నయి, నువ్వు తల ఊపుతున్నవ్. తర్వాత ఏమన్నడని అడిగితే నువ్వు చెప్పలే. ఎవ్వలకు చెప్పలే.”

మట్టయ్య చివరి మాట ఇప్పుడు ఎవరి దగ్గరా లేదు. దుర్గమ్మ తన గుప్పిటలో ఏడు గింజలు పట్టుకున్న క్షణాన్ని తలచుకుని, తల్లి ముఖం వైపు చూడలేకపోయింది.

మైసమ్మ బిక్షపతి వైపు తిరిగింది.

“ఎట్ల ఊపిన తల? అడ్డంగనా, నిలువునా?”

బిక్షపతి కళ్లు మూసుకుని గుర్తు తెచ్చుకున్నాడు. “నిలువునా, వదినె. రెండుమూడు మాట్ల ఊపినవ్.”

“అయితే నేనొప్పుకున్న మాటనే.”

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని లేచింది. కర్రెద్దు పలుపు విప్పింది.

“నీ ఎద్దును తోలుకరా బిక్షపతీ. పొద్దు గుంకకముందు నాలుగు మోట బానలన్న తోడితే నారు తేరుకుంటది,” అని చెప్పి, మట్టయ్య పోయిన బావి వైపు ముందుగా తానే నడిచింది.