అందించే చెయ్యి

చివరి పైపును లారీకి కట్టి, మోకు ముడి లాగి చూసుకుని, భూమేశ్ వేళ్లకు తెల్లపట్టీ చుట్టుకోవడం మొదలుపెట్టాడు. చూపుడువేలు ఎప్పుడో విరిగి వంకరగా అతికింది. దానికి రెండు చుట్లు ఎక్కువ. సాయంత్రం కంపెనీ లీగు మ్యాచ్.

గల్ఫ్‌లో, రుసైల్‌లోని ఆ పైపుల ఫ్యాక్టరీ పదిహేనేళ్ల కిందట అతన్ని బాస్కెట్‌బాల్ ఆడటానికే రప్పించింది. బంతి ఆడి జీతం తీసుకున్నవాడు నిర్మల్ చుట్టుపక్కల అతనే మొదలు. కాగితం మీద హెల్పర్, కోర్టులో గార్డు. బంతిని ముందుకు తెచ్చి పొడుగువాళ్ల చేతిలో పెట్టడం అతని పని. ఐదడుగుల ఆరంగుళాల మనిషికి అంతకంటే ఏం ఇస్తారు? భూమేశ్ అందిస్తే ఖర్జూరపు చెట్టయినా వంగి బాస్కెట్ వేస్తుందని రూములో ఉండే కడప ఖమరుద్దీన్ చెప్పేవాడు. ఖమరుద్దీన్ మాటలో ముప్పావు తరుగు తీసినా మిగిలిన పావు నిజమే.

2006లో లీగువాళ్లు కొత్త రూలు పెట్టారు: ఒక జట్టులో ఒకసారికి పరదేశీలు ఇద్దరే ఆడాలి. ఆ రెండు చోట్లూ ఆరున్నర అడుగుల సూడాన్ ఆటగాళ్లకు పోయాయి. రెండేళ్లుగా భూమేశ్‌కు పగలు పైపులు, సాయంత్రం బెంచీ. రెండింటిలో బెంచీయే బరువు.

కోర్టు గేటు దగ్గర మేనేజర్ వహీద్ ఆపాడు. హైదరాబాదు మనిషి.

"భూమేశ్ భాయ్, నలభై దాటినోడు ప్లేయర్ ఎట్లైతడని మన ఓనరు అర్బాబ్ అంటుండు. ఇయ్యాల ఒక్క బాస్కెట్ నీ చేతితోని వెయ్యి, నీ లేబర్ కార్డు బతాకా రెండేండ్లు నేను రెన్యూ చేపిస్త. లేకుంటే ఇంటికే."

"బెంచీ మీద కూసోవెట్టి ఏయుమంటే యాడ ఏయాలె సార్, నా నెత్తి మీదనా?"

ఇంకా నలభై సెకన్లుందనగా సూడాన్ వాళ్లలో ఒకడి చీలమండ మెలిపడింది. జట్టు ఒక్క పాయింటు వెనక. భూమేశ్‌ను పంపారు.

బంతి చేతికి రాగానే పదిహేనేళ్లూ రాలిపోయాయి. ఒకణ్ని తప్పించాడు. రెండోవాడు తనంతట తానే జారిపడ్డాడు. ఎదురుగా ఎవరూ లేరు. రింగు దిగుడుబావి అంత వెడల్పుగా కనిపించింది. ఎగిరాడు. కంటి కొసన ఒక నల్లని చెయ్యి పైకి లేచింది. భూమేశ్ చెయ్యి భూమేశ్‌ను అడగలేదు. బంతి అటు వెళ్లిపోయింది.

బాస్కెట్ పడింది. జట్టు గెలిచింది. అందరూ బాస్కెట్ వేసిన ఆ రెండో సూడాన్ అతన్ని ఎత్తుకున్నారు. ఖమరుద్దీన్ నెత్తి కొట్టుకుంటూ కోర్టులోకి దిగాడు.

"యోవ్ భూమేశూ! ఎందుకిచ్చినావప్పా?"

"ఆడు ఖాళీగున్నడు."

"నువ్వూ ఖాళీగానే ఉంటివి కదయ్యా!"

భూమేశ్ పట్టీని పళ్లతో చింపి, ఆ చేతినే తొడకేసి రెండుసార్లు కొట్టాడు. వహీద్ ఇటు చూడకుండా ఫోన్లో మాట్లాడుకుంటూ వెళ్లిపోయాడు.

మంగళవారం మధ్యాహ్నం భూమేశ్ కోసం కంపెనీ బండి వచ్చింది. డ్యూటీ టైం కాబట్టి సాగనంపడానికి ఎవరూ లేరు. ఒక సూట్‌కేసు, ఒక దుప్పటి. బండి ఎయిర్‌పోర్టు వైపు తిరిగింది.

క్యాంపు వెనక నీళ్లట్యాంకు స్తంభానికి, అతను ఇనుప కమ్మీ వంచి వెల్డింగ్ చేసుకున్న రింగు ఉండిపోయింది. శుక్రవారం దాని మీద ఎవరో తడి లుంగీ ఆరేశారు. చుక్కలు రింగు మధ్యలోంచి సూటిగా కింద పడుతున్నాయి.