చిన్నకోడలి బుధవారం

తడి దుప్పటి కొస పట్టుకుని ఒక్క విదిలింపు విదిలించి, అంచును ఇస్త్రీ రోలరు నోటికి అందించింది చిన్నకోడలు. రెండో కొస పక్కన నిలబడి ఆమెతో జతగా పనిచేసే జోడీ చేతిలో ఉంది. దుప్పటి ఉస్సుమంటూ లోపలికి పోయి, అటువైపు అట్టముక్కలా బిర్రుగా బయటికొచ్చింది. ఆ వెంటనే ఇంకొకటి. పెద్ద హోటలు అడుగున, కిటికీల్లేని ఆ లాండ్రీలో పొద్దున్నించి సాయంత్రం దాకా ఇదే పని. ఏళ్ళ తరబడి వేడి బట్ట తడిమి తడిమి ఆమె వేళ్ళ కొసలు నునుపెక్కిపోయాయి. గేటు దగ్గరి హాజరు యంత్రం ఆమె వేలిని గుర్తుపట్టడం ఎప్పుడో మానేసింది. కాపలావాడే మొహం చూసి, తలూపి లోపలికి పంపిస్తాడు.

యాభై దాటినా ఆమె అందరికీ చిన్నకోడలే. ఆ పిలుపు అత్తగారి కాలం నాటిది. అత్తగారు పోయింది. ఆవిడ కొడుకులిద్దరూ, మంచి తిండిపుష్టి ఉన్న మనుషులు, ఒకరి వెనక ఒకరు గుండె ఆగి పోయారు. మిగిలింది మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు, అందులో ఇద్దరు తోడికోడళ్ళు.

మధ్యాహ్నం రోలరు ఆపి అందరూ బల్లల దగ్గర చేరారు. చిన్నకోడలు డబ్బా మూత తీసింది. ఉడికించిన శనగలు, తురిమిన క్యాబేజీ, చిలగడదుంప ముక్కలు, పైన దంచిన వేరుశనగ. జోడీ తొంగిచూసింది.

"ఇవాళేం మేత?"

"ఆదివారం వండిందే. ఇవాళ్టితో సరి."

"ఆదివారంది ఇవాళ తింటున్నావా?"

"ఫ్రిజ్‌లో పెడితే ఏమవుతుంది? గింజలు అవే. పైన వేసేది రోజుకొకటి మారుస్తా."

"నా వల్ల కాదు తల్లీ, రోజూ ఇంత చేసుకోవడం."

"రోజూ ఎవరు చేస్తున్నారు? ఆదివారం ఒకసారి, బుధవారం ఒకసారి."

జోడీ కాసేపు తన బన్ను నమిలి, గొంతు తగ్గించింది. "ఇవాళేగా మీ అక్క వెళ్ళేది? సెలవు పెట్టకపోయావా?"

"సెలవు పెట్టి ఏం చెయ్యను? బస్సు రాత్రికి కదా," అంది చిన్నకోడలు. డబ్బా అడుగున మిగిలిన గింజల్ని చెంచాతో ఒక పక్కకి పోగుచేసి తినేసింది.

పెళ్ళై ఆ ఇంట్లో అడుగుపెట్టేనాటికే పొయ్యి పెద్దకోడలిది. "బయటి పని నువ్వు చూసుకో, లోపలిది నేను చూసుకుంటా," అని మర్యాదగానే చెప్పింది. మర్యాదగా చెప్పినా గిన్నె మీద ఇంకొకరి చెయ్యి పడనిచ్చేది కాదు. ఒకసారి చిన్నకోడలు టీ పెడితే "వేడినీళ్ళకి రంగేసింది" అంది. ఇంటిల్లిపాదీ నవ్వారు. చిన్నకోడలూ నవ్వింది. మళ్ళీ పొయ్యి జోలికి పోలేదు.

మగవాళ్ళిద్దరూ పోయాక పెద్దకోడలు వంట మానేసింది. "ఎవరికోసం?" అంది. ఆ ఎవరిలో తాను లేదని చిన్నకోడలికి అర్థమైంది. అప్పట్నించీ మేడ కింద బేకరీయే వాళ్ళ వంటిల్లయింది. బన్నులు, బిస్కెట్లు, వేడినీళ్ళు పోస్తే చాలనే నూడుల్సు. పెద్దకోడలికి ఒళ్ళొచ్చింది, షుగరొచ్చింది, కాళ్ళకు నీరు పట్టింది. ఎడమ మోకాలు మొరాయించింది. ఒకరోజు స్నానాలగదిలో జారి కూర్చుండిపోతే లేవదీయడానికి పక్కవాటా వాళ్ళను కూడా పిలవాల్సొచ్చింది.

ఆసుపత్రిలో నర్సు చెప్పింది. "తిండి మారాలి. అలాగని ఒక్కసారే అన్నీ మార్చకండి, విసుగొచ్చి వదిలేస్తారు. ముందు పొద్దుటి పూటది మార్చండి. అది ఒంటికి పట్టాక ఇంకోటి."

"దీనికి వంట రాదు," అంది పెద్దకోడలు, తోడికోడలిని చూపిస్తూ. తనకు వచ్చన్న సంగతి మాత్రం ఎత్తలేదు.

నర్సు చిన్నకోడలి వైపు తిరిగింది. "ఉడకబెట్టడం వచ్చా?"

"దుప్పట్లయితే వచ్చు."

నర్సుకు నవ్వాగలేదు. "అయితే సగం వచ్చినట్టే."

మొదట బిస్కెట్లు పోయి ఓట్స్, ఒక పండు వచ్చాయి. "జిగురు. గోడకి కాగితాలంటించుకో," అని పెద్దకోడలు గిన్నె నెట్టేసింది. చిన్నకోడలు గిన్నె తీసేసింది. మర్నాడు అదే పెట్టింది, అరటిపండు కాస్త ఎక్కువ వేసి. ఆ మర్నాడూ అదే. మూతి ముడుచుకునే అయినా తినడం మొదలైంది. తరవాత తెల్ల రొట్టె బదులు పొట్టు తీయని గోధుమపిండి రొట్టె కొంది. శనివారం బన్ను జోలికి మాత్రం పోలేదు. అదీ తీసేస్తే మనిషి ఒంటికాలి మీద లేస్తుందని తెలుసు. ఆ తరవాతే వారానికి రెండు వంటలు: ఒక గిన్నెడు గింజలు, ఒక గిన్నెడు ముడిబియ్యం, ఒక పళ్ళెం నిండా కూరగాయ ముక్కలు, ఉడికించిన గుడ్లు. చల్లారాక డబ్బాల్లోకి ఎత్తితే మళ్ళీ వంటరోజు దాకా కలుపుకు తినడమే.

మంచం మీద నుంచి పెద్దకోడలు కత్తి చప్పుడు వింటూండేది. ఒక ఆదివారం ఆ చప్పుడు భరించలేక గోడ పట్టుకుని వంటింటి దాకా వచ్చింది.

"క్యారెట్ కోస్తున్నావా, కట్టెలు కొడుతున్నావా? ఇలా తే."

స్టూలు వేయించుకుని కూర్చుంది. ముక్కలు అచ్చుపోసినట్టు పడ్డాయి. ఆ రోజు నుంచి వంటా తిట్లూ కలిసే సాగాయి. "ఉప్పు చేత్తో వేస్తున్నావా, చేటతో వేస్తున్నావా?" "మూత తియ్యకే, అవేం పారిపోవు!" చిన్నకోడలు తలొంచుకుని అన్నీ వినేది. బుధవారం మధ్యాహ్నం నుంచి లాండ్రీలో ఆమె చేతులు కాస్త చురుగ్గా కదిలేవి. ఆ సంగతి ఆమెకు తెలీదు, జోడీకి తెలుసు.

పెద్దకోడలి కాళ్ళలో నీరు తీసేసింది. మోకాలు మాట వినడం మొదలుపెట్టింది. మేడ దిగి వీధి చివరిదాకా వెళ్ళొచ్చేది. ప్రయాణం చెయ్యొచ్చని మొన్న డాక్టరు కూడా అన్నాడు. ఆ మాట కోసమే కాచుకున్నట్టు, వేరే ఊళ్ళో ఉన్న పెద్దకోడలి కూతురు ఫోన్ చేసింది. దానికి ఇది రెండో కాన్పు. "నీకు గది సర్దేశాం అమ్మా. ఇక ఇక్కడే ఉండిపో," అంది. ఫోన్ గట్టిగా వినబడేలా పెట్టడం పెద్దకోడలికి అలవాటు. ఆ మాట ఇద్దరూ విన్నారు.

సాయంత్రం చిన్నకోడలు ఇంటికొచ్చేసరికి గుమ్మం పక్కన సంచీ సర్ది ఉంది. పెద్దకోడలు స్టూలు మీద కూర్చుంది, చేతులు ఒళ్ళో పెట్టుకుని.

"ఇవాళ అంతా నువ్వే చెయ్యి. నేను చూస్తా."

చిన్నకోడలు పొద్దున నానబోసిన గింజల్ని కడిగింది. "ఒక్కదానికి ఇన్నెందుకు, సగం తీసి రేపటికి ఉంచనా?"

"ఉంచకు. అన్నీ ఉడకబెట్టి, సగం ఫ్రిజ్ పై అరలో గడ్డకట్టించు. పని నుంచొచ్చి రోజూ పొయ్యి దగ్గర నిలబడకు. నీ కాళ్ళేం ఇనుప కాళ్ళు కావు."

గింజలు పొయ్యెక్కాయి. చిన్నకోడలు క్యారెట్ చెక్కు తీసి కోసింది. ఒక ముక్క మందంగా, ఒక ముక్క పలచగా పడింది. కోస్తూనే వెనక నుంచి మాట కోసం చూసింది. రాలేదు. ఉప్పు వేసింది. మధ్యలో మూత తీసి చూసింది. ఏమీ వినబడలేదు. అవసరం లేకపోయినా మరోసారి తీసింది. ఆవిరి మొహాన కొట్టింది.

"సరిగ్గానే చేస్తున్నానా అక్కా?"

"బాగానే చేస్తున్నావు," అంది పెద్దకోడలు.

ఆ ఇంట్లో చిన్నకోడలు ఎన్నాళ్ళుగానో వినాలనుకున్న మాటే అది. తీరా విన్నాక, ఎవరో బంధువుల ఇంట్లో కూర్చున్నట్టు అనిపించింది. మూత జాగ్రత్తగా పెట్టి, చేతులు తుడుచుకుంది.

"మళ్ళీ ఎప్పుడొస్తావు?"

"పురుడవనీ. పిల్లలు కాస్త చేతికందనీ. చూద్దాం."

చిన్నకోడలు దారికి ఒక డబ్బా కట్టింది. కూతురు పంపిన కొత్త బూట్లు తొడుక్కుని పెద్దకోడలు లేచింది. చిన్నకోడలు సంచీ అందుకుని వెనకే మెట్లు దిగింది.

బస్సు సమయానికే వచ్చింది. పెద్దకోడలు పైకెక్కబోతుంటే చిన్నకోడలి చెయ్యి అలవాటు కొద్దీ ఆమె మోచేతి కిందికి పోయింది. పెద్దకోడలు కడ్డీ పట్టుకుని, ఒక మెట్టు మీద ఇంకో మెట్టు, ఆగకుండా ఎక్కేసింది. కింద ఆ చెయ్యి కాసేపు గాల్లోనే ఉండి, తరవాత జుట్టు సవరించుకుంది.

కిటికీ అద్దం జరిపి పెద్దకోడలు తొంగిచూసింది. "నిలబడకు, వెళ్ళు. పొద్దున్నే పని."

"వెళ్తాలే."

"గింజలు చల్లారకుండా మూతలు పెట్టకు."

"పెట్టను."

బస్సు కదిలింది. మలుపు తిరిగేదాకా చూసి ఆమె వెనక్కి నడిచింది.

ఇంటికొచ్చి గింజల గిన్నె మీద చెయ్యి పెట్టి చూసింది. చల్లారాయి. డబ్బాల్లోకి ఎత్తి, సగం పై అరలో పెట్టింది. మిగిలినవి పళ్ళెంలో వేసుకుని, కాసేపు నిలబడే తిని, తరవాత స్టూలు లాక్కుని కూర్చుంది. ఉప్పు కాస్త ఎక్కువైంది. పళ్ళెం కడిగి బోర్లించి, నేల తుడవడానికి గుడ్డ తీసుకుని బల్ల కింద వంగింది.

అక్కడ పెద్దకోడలి రబ్బరు చెప్పులున్నాయి, నడుస్తూ నడుస్తూ వదిలేసినట్టు ఒకటి ముందు, ఒకటి వెనక. ఈడ్చి నడిచిన రోజుల్లో ఎడమదాని మడమ ఒక పక్కకు అరిగి కాగితమంత పలచబడింది. దాని అంచుకు అంటుకున్న క్యారెట్ చెక్కు ఇంకా పూర్తిగా ఎండలేదు.