మూడో అంతస్తు కిటికీ

అక్టోబరు పదహారో తేదీ, గురువారం, ఉదయం తొమ్మిది గంటల పదకొండు నిమిషాలకి పర్సిసమ్మ షికాగోలో ఒక రైలు ప్లాట్‌ఫారం మీద కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది. పక్కన ఆమె చెల్లెలి కూతురు అబిగేల్ తల వంచుకుని నిలబడింది.

వాళ్ళింట్లో ప్రార్థన లేకుండా ఎవరూ ప్రయాణం కట్టరు. రేపల్లె నుంచి గుంటూరు వెళ్ళినా అంతే. పెద్దవాళ్ళు ప్రార్థన చేస్తారు, ఆమేన్ అనేదాకా చిన్నవాళ్ళు కళ్ళు తెరవరు. అయితే పర్సిసమ్మ ప్రార్థన కాస్త పొడుగు. అందులో కుటుంబమంతా పేరుపేరునా వస్తారు. ముందు ఆమె తండ్రి, తాపీమేస్త్రీ నతానియేలు. ఆయన సున్నం కలిపి కట్టిన చర్చి. ఆయన ముసలివాడయ్యాక ఎవరో ఆ గోడకి సిమెంటు మెత్తితే, మూడేళ్ళలో ఇటుకలు పగిలి, ఆయన రెండు రోజులు అన్నం ముట్టకపోవడం. ఆ తర్వాత తమ్ముళ్ళు, మరదళ్ళు, వాళ్ళ మోకాళ్ళ నొప్పులు, పిల్లల పరీక్షలు. అందరూ అయ్యాక అబిగేల్ వంతు వచ్చింది.

"ఈ బిడ్డ ఉద్యోగం పోయి యాభై రెండు రోజులైంది ప్రభువా. ఇంకో ఎనిమిది రోజుల్లో ఏదీ దొరక్కపోతే వీసా పోద్ది, దేశం వదిలి పోవాల. మిగిలింది ఈ ఒక్క ఇంటర్వ్యూ. పదింటికి. నువ్వే ముందు నడువు. ఆమేన్."

కళ్ళు తెరిచేసరికి రైలు తోక కనిపించింది.

రైలు వచ్చింది, తలుపులు తెరిచింది, మూసింది, వెళ్ళిపోయింది. పర్సిసమ్మ ఆ వెళ్ళేదాన్ని చూసింది, అబిగేల్ మొహం చూసింది.

"మనదేనా ఏంటే అది?"

"మనదే పెద్దమ్మా."

"వచ్చిన చప్పుడు నీకు వినపడిందా?"

"వినపడింది."

"మరి చెప్పొద్దూ?"

"ప్రేయర్ మధ్యలో ఎట్టా చెప్తాను?"

పర్సిసమ్మకి చెంప మీద కొట్టినట్టయింది. తను ఈ దేశం రాకముందు, చిన్నప్పుడు ఆ పిల్ల తన పెంపకంలోనే అట్లా నేర్చుకుంది. తప్పు ఎవరిమీద వెయ్యాలి? తర్వాతి రైలు పద్నాలుగు నిమిషాలకి ఉందని బోర్డు మీద పడింది. ఇద్దరూ బెంచీ మీద కూర్చున్నారు. ఈసారి ఎవరూ కళ్ళు మూసుకోలేదు.

పర్సిసమ్మ ఉండేది ఇదే దేశంలో ఓ చిన్న ఊరు, బెంటన్‌విల్‌లో. భర్త సామ్యూల్ ఉద్యోగం మీద వచ్చి పందొమ్మిదేళ్ళు. అక్కడ ఏ పనికైనా కారే. చర్చికి కారు, కూరగాయలకి కారు, రోడ్డుకి అవతలున్న బ్యాంకుకీ కారే. ఊరంతా నేలకి అంటుకుని, చాపలా పరుచుకుని ఉంటుంది. అబిగేల్ ఉద్యోగం పోయిందని తెలిసి, వంట చేసిపెట్టి ధైర్యం చెబుదామని ఆదివారం ఇక్కడికి వచ్చింది. సోమవారం అబిగేల్, ఆమె రూమ్మేట్ స్మృతి కలిసి ఆమెకి డౌన్‌టౌన్ చూపించారు. అప్పటి నుంచి ఆమె నోరు సగం తెరుచుకునే ఉంది.

రైలు ఇనప స్తంభాల మీద, వీధి నడినెత్తిన, జనం కిటికీల ముందునుంచి పోతుంది. ఒకాయన బల్ల దగ్గర కూర్చుని శాండ్‌విచ్ తింటున్నాడు. అందులో ఉల్లిపాయ ఉందో లేదో కూడా కనిపించింది. మొక్కజొన్న పొత్తుల్లాంటి రెండు గుండ్రటి భవనాల్లో కార్లు అంచుదాకా వెనక్కి వచ్చి, తోకలు గాల్లోకి పెట్టి ఆగి ఉన్నాయి. నది మీద వంతెన నడుమకి చీలి, చెరో పక్కా ఆకాశంలోకి లేచి నిలబడింది. ఓ నల్లటి భవనం తల మబ్బులో ఉండిపోయింది. ఎంత చూసినా కిందికి రాలేదు. ఊగుతున్న రైల్లో ఎదురు సీటమ్మాయి రెండు కళ్ళకీ కాటుక గీసుకుంది, ఎక్కడా చెదరలేదు.

"ఆంటీ, జర నోరు మూసుకోండి, దుమ్ము పోతది" అంది స్మృతి. ఆమెది వరంగల్.

"మూస్తే ఊపిరి ఆడట్లేదమ్మా."

వాబాష్ వీధి మలుపు దగ్గర పాత ఇటుక భవనం ఒకటుంది. పదహారు అంతస్తులు. అక్కడ పట్టాలు మరీ ఇరుకుగా తిరుగుతాయి. రైలు ఆ మలుపుకి రాగానే భవనం, ఇరుకు సందులో ఎదురొచ్చిన మనిషికి దారిచ్చే ముసలాయనలా, మూడో అంతస్తు దగ్గర పొట్ట లోపలికి లాక్కుంది. కిటికీలన్నీ వెనక్కి జరిగాయి. లోపల పనిచేసుకునేవాళ్ళు కాఫీ కప్పుల మీద చెయ్యి పెట్టి ఉంచి, రైలు దాటాక తీసేశారు.

"ఆ భవనం లోపలికి జరిగిందేంటే?"

"మలుపు ఇరుకు కదా పెద్దమ్మా, జరక్కపోతే తగులుద్ది" అని అబిగేల్ ఫోన్ చూసుకుంది. రైల్లో ఎవరూ తల ఎత్తలేదు. పర్సిసమ్మ మాత్రం వెనక్కి తిరిగి, అది పొట్ట వదిలేదాకా చూసింది. ఇంటర్వ్యూ పిలుపు సరిగ్గా అందులోనే, పద్నాలుగో అంతస్తులో ఉన్న ఒక ఆఫీసు నుంచి, మంగళవారం వచ్చింది.

ఇప్పుడు రెండో రైలు ఎక్కారు. తొమ్మిదీ యాభై ఆరుకి అది ఆ మలుపులోకి వచ్చి ఆగిపోయింది.

"ముందు ట్రైన్ కదలాలి" అంది అబిగేల్. "స్టేషన్ ఈ మలుపు తర్వాత." గొంతు మామూలుగానే ఉంది గానీ, ఫైలు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచింది. పద్నాలుగో అంతస్తు నెత్తిమీదే ఉంది. చేతికందే దూరంలో భవనం. దిగే దారి లేదు.

ఒక నిమిషం గడిచింది. రెండు.

పర్సిసమ్మ కిటికీలోంచి చూసింది. రైలు వచ్చిందని భవనం పొట్ట బిగబట్టింది. రైలు కదల్లేదు గనక వదల్లేకుండా అట్లానే నిలబడింది. ఇటుకల సందుల్లోంచి సన్నగా మట్టి రాలుతోంది. మూడో అంతస్తు కిటికీ మీద ఒక పగులు మెల్లగా పాకుతోంది. ఆమెకి తన పిల్ల గొడవ ఓ క్షణం మరుపుకొచ్చింది. ఇంటికొచ్చిన ముసలాయన మంచినీళ్ళు అడగడానికి మొహమాటపడితే ఎట్లా అంటుందో, అట్లాగే అద్దానికి దగ్గరగా వంగి అంది:

"ఎంతసేపు బిగబడతారయ్యా. వదిలెయ్యండి. ఏం కాదు."

భవనం వదిలేసింది.

పెద్ద నిట్టూర్పులాంటి గాలి రైలంతా దూరింది. పేపర్లు లేచాయి. ఇటుక గోడ ముందుకి వచ్చి, మూడో అంతస్తు కిటికీ సరిగ్గా రైలు తలుపుకి ఆనుకుని ఆగింది. రైలు నడిపేవాడు తన కిటికీలోంచి తల బయట పెట్టి చూశాడు. తలుపులు తెరుచుకున్నాయి. జాగ్రత్తగా అడుగు వెయ్యండి అని స్పీకర్‌లో చెప్పాడు. లోపలినుంచి నెరిసిన జుట్టు ఆవిడ ఒకరు కిటికీ రెక్క పైకి తోసి, కాఫీ కప్పు ఎడమ చేతిలోకి మార్చుకుని, కుడి చెయ్యి చాపింది.

"వెళ్ళవే" అంది పర్సిసమ్మ.

అబిగేల్ గడప దాటినట్టు కిటికీ దాటింది. తలుపులు మూసుకున్నాయి. ముందు రైలు కదిలింది, భవనం పొట్ట లోపలికి లాక్కుంది, ఈ రైలూ కదిలింది. అబిగేల్ చున్నీ కొంగు ఆ కిటికీలో కనిపించి మాయమయ్యేవరకూ పర్సిసమ్మకి తను ఒంటరిగా మిగిలిపోయానన్న సంగతి తట్టలేదు.

ఎక్కడ దిగాలో తెలియదు. అడుగుదామంటే నోరు రాలేదు. దిగకుండా కూర్చుంది. రైలు ఆ పెద్ద భవనాల చుట్టూ ఒక చుట్టు తిరిగి, వచ్చిన దారినే వెనక్కి బయల్దేరి, గంట తర్వాత ఆమెని ఎక్కిన స్టేషన్‌లోనే దింపింది. అది చూసి కూడా ఆమె నివ్వెరపోయింది.

అబిగేల్ నాలుగింటికి వచ్చింది. జుట్టు నిండా దుమ్ము.

"ఏమైంది?"

"ఇంటర్వ్యూ మిస్సయ్యాను పెద్దమ్మా."

పర్సిసమ్మ చేతిలో గరిటె చారులో పడిపోయింది. "భవనమే వచ్చి ఎక్కించుకుంటే ఎట్టా మిస్సవుతావే?"

"మూడో ఫ్లోర్‌లోనే ఆగిపోయాను. అది పాత బిల్డింగ్స్ రిపేర్ చేసే ఇంజినీర్ల ఆఫీసు. వాళ్ళు ఆ బిల్డింగ్‌నే బాగుచేస్తున్నారు. నాకు చెయ్యిచ్చిన హెలెన్ గారు, ఏటా అదే చోట ఎందుకు పగులుతుందో అర్థం కావట్లేదు అంటా గోడ వైపు చూస్తోంది. నేను గోరుతో గీకి చూశా. ఇటుకల మధ్య సిమెంటు."

పర్సిసమ్మ కుర్చీలో కూర్చుంది.

"సున్నమైతే గోడతోపాటు సాగుద్ది, సిమెంటు సాగదు, ఇటుక పగులుద్ది, మా తాతయ్య చర్చికి ఇదే అయింది అని చెప్పా. ఆమె నన్ను పైనుంచి కిందిదాకా చూసి, నువ్వేం చదివావు అంది. సివిల్, కానీ ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో చేశా అన్నాను. మరి టెస్టింగ్ ఎందుకు చేశావు అంది."

"నువ్వేమన్నావు?"

"అందరూ చేస్తున్నారని చేశా అన్నాను." అబిగేల్ మొహం కడుక్కోవడం మర్చిపోయి, నిలబడే చెప్పుకుపోతోంది. "నిచ్చెన ఎక్కించింది. మధ్యాహ్నం దాకా నాలుగు కిటికీల చుట్టూ గీకి చూశాం. పద్నాలుగో ఫ్లోర్‌కి వెళ్ళేసరికి పన్నెండున్నర. స్లాట్ అయిపోయిందన్నారు. కిందికొచ్చి ఆ మాట చెప్తే, హెలెన్ గారు మంచిదైంది అంది. వీసా సంగతి కూడా చెప్పా. లాయర్‌తో ఇప్పుడే మాట్లాడతానంది."

"మాట్లాడిందా?"

"నా ముందే."

"నిచ్చెన ఎంతెత్తే?"

"పెద్దమ్మా, నువ్వు అడగాల్సింది అదా?" అని స్మృతి గదిలోంచి పకపకా నవ్వింది. ఆమె అబిగేల్ని అనుకరించి పర్సిసమ్మని పెద్దమ్మా అనడం అదే మొదలు.

పర్సిసమ్మ నవ్వలేదు. పొయ్యి కట్టేసి, అబిగేల్ జుట్టులోంచి ఎర్ర దుమ్ము ఒక్కొక్క పాయా విడదీసి దులిపింది.

మర్నాడు శుక్రవారం, ఉదయం ఎనిమిదిన్నరకి మెయిల్ వచ్చింది. ఉద్యోగం ఇచ్చామని, కాగితాలు లాయర్‌కి వెళ్ళాయని, సోమవారం వచ్చేటప్పుడు ముందు భాగంలో ఇనుము ఉన్న బూట్లు వేసుకుని రావాలని. ముగ్గురూ టిఫిను మానేసి బూట్ల షాపుకి బయల్దేరారు.

షాపతను తెచ్చిన మూడో జత అబిగేల్ తొడుక్కుంది. పర్సిసమ్మ చీర కుచ్చిళ్ళు సర్దుకుని, నేల మీద మోకాళ్ళూని, లేసులు రెండూ కట్టింది. బడి బూట్లు కొన్న రోజుల్లో చేసినట్టే, వేలికి చోటుందో లేదో చూద్దామని బొటనవేలితో బూటు ముందు నొక్కింది. అది నొక్కుకుపోలేదు. మళ్ళీ నొక్కింది. లోపల బిడ్డ వేలెక్కడుందో ఆమెకి అందలేదు.

తల ఎత్తి చూసింది. "సరిపోయాయా?"

"సరిపోయాయి పెద్దమ్మా."

"సరే అయితే" అని, ఆ పిల్ల చెయ్యి పట్టుకుని పైకి లేచింది.