అడవికి తోలిన కోతులు

బస్సుల కొండల్ కాళ్ల సందున గుడ్డసంచి ఉన్నది. అందులో అరటిపండ్లు. పండ్లలో పత్తి పురుగుకు కొట్టే మందు.

"సంచిల ఏమున్నయే తాతా?" పక్కన కూర్చున్న మనవరాలు సృజన అడిగింది.

"నీకు కాదు. ముట్టకు."

సృజన ఒళ్లో సద్దిడబ్బా పెట్టుకొని కిటికీలోంచి చూసుకుంట కూర్చున్నది. ఊరి బడిపిల్లలను అభయారణ్యం చూపించడానికి తీసుకపోతున్నరు. సైన్స్ చెప్పే షాహీన్ మేడం, ఊరి నుంచి ఒక పెద్దమనిషి తోడు రావాలంటే కొండల్ నేనొస్త అన్నడు. ఊరు నోరు తెరిచింది. ఐలవ్వ పోయినంక అతను ఒకరి పెండ్లికి పోలే, ఒకరి చావుకు పోలే.

ఐలవ్వ అతని భార్య. డాబా మీద పల్లికాయ ఆరబోస్తుంటే కోతుల మంద దిగింది. ముందున్నది మొండిచెయ్యిది. ఎప్పుడో కరెంటు తీగ తగిలి ముంజేయి మాడి ఊడిపోయిన గండుకోతి. అది మీదికి దుమికింది. ఆమె వెనక్కి జరిగింది. డాబాకు పిట్టగోడ లేదు.

కోతులను చంపుదామన్నడు కొండల్. ఊరు ఒప్పుకోలే.

"అంజన్న రూపమాయె, పాపం తగుల్తది. పట్టి అడవిల తోలేద్దాం" అన్నరు.

బోన్లు తెచ్చి పట్టిన్రు. కొబ్బరికాయ కొట్టి, బోనుకు కుంకుమ బొట్లు పెట్టి లారీ ఎక్కించిన్రు. జన్నారం దాటినంక ఈ అభయారణ్యం అంచుననే వదిలి, దండం పెట్టి వచ్చిన్రు. తన పెండ్లాన్ని చంపినదానికి బొట్టు పెట్టిన ఊరును కొండల్ ఇప్పటిదాకా క్షమించలే. క్షమించాలని అనుకోలే కూడా.

కూతురు కోమల కువైట్‌లో ఇండ్లలో పనిచేస్తది. ఆమె బిడ్డ సృజన ఒక్కతే అతనికి మిగిలింది. అమ్మమ్మ పోయిన నాటినుంచి ఆ పిల్ల తాత కలిపి పెట్టిన ముద్ద తప్ప తినది. ఆరో తరగతికి వచ్చినా అంతే.

గేటు దగ్గర ఓంప్రకాశ్ అనే ఫారెస్టాయన ఎదురొచ్చి పిల్లలను లోపలికి నడిపించిండు. దుప్పులు కనబడ్డయి. ఒక మద్దిచెట్టు మానుకు లోతుగా గీరలున్నయి. తేనె కోసం ఎలుగుబంటి ఎక్కిన గుర్తులని చెప్పిండు. సృజన తన వేళ్లు ఆ గీరల్లో పెట్టి చూసుకున్నది. ఒక్కో గీరలో రెండేసి వేళ్లు పట్టినయి.

"తాతా, జర చూడే! గిదెంత పెద్దగున్నదో!"

ఆ పిల్ల మొహం అట్లా వెలిగి ఎన్నాళ్లయిందో. కొండల్ చెట్టును చూడలే. కొమ్మల్లో మొండిచెయ్యిని వెతుకుతుండు.

రోడ్డు మీది కల్వర్టు దగ్గర కోతులు వరుసగా కూర్చున్నయి. బక్కచిక్కి పక్కటెముకలు తేలినయి.

"ఇవి ఈ అడవివి కావు. ఊర్లోళ్లు తెచ్చి తోలినవి" అన్నడు ఓంప్రకాశ్. "తునికిపండు తినుడు రాదు. బిస్కెట్ పాకిట్ చప్పుడైతే మాత్రం ఉరికొస్తయి. ఎవరన్నా ఏమన్నా ఏస్తరని రోడ్డు మీదనే ఉంటయి. లారీల కింద పడి సస్తయి."

"సార్, అవి మా ఊరివే!" చింటూ అనే పిల్లగాడు అరిచిండు. "గా పెద్దది మా అవ్వ దువ్వెన ఎత్కపోయింది!"

"అయితే పోయి అడుగురా, ఇస్తదేమో" అన్నది షాహీన్ మేడం. పిల్లలు పడిపడి నవ్విన్రు.

తరువాత మేడం అందరితో చేతులు చాపించి మాట తీసుకున్నది. జంతువులకు తిండి వెయ్యం. ఎవరన్నా వేసింది కనబడితే ఏరి తీసేస్తం. అందరికంటే గట్టిగా సృజన గొంతే వినబడ్డది.

అప్పుడు కొండల్ చూసిండు. మంద నుంచి విడిగా, టేకు మొద్దు మీద మొండిచెయ్యి.

పిల్లలు అన్నాలకని నల్లా దగ్గర చేతులు కడుక్కుంటున్నరు. అతను పండ్లను కల్వర్టు గోడ మీద పరిచి, ఖాళీ సంచి పట్టుకొని చెట్టు చాటుకు పోయిండు. కోతులు ఎగబడ్డయి. మొండిచెయ్యి కూడా దిగొచ్చింది. మిగతావి కరిచి తరిమినయి. ఒంటిచేత్తో అది కొట్లాడలేకపోయింది. పొట్టకు పిల్ల కరుచుకొని ఉన్న తల్లికోతి రెండు పండ్లు మింగింది.

"అయ్యో, ఎవరో పండ్లు ఏసిన్రు!"

సృజన. ఇచ్చిన మాట ఇంకా నోట్లో ఆరలే. కోతులను అదిలించి, మిగిలిన పండ్లు ఏరి ఒళ్లోకి వేసుకుంటున్నది. ఒక పండు పగిలి వేళ్లకు అంటింది.

కొండల్ ఉరికిండు. ఆ పిల్ల చేతిమీద ఒక్కటేసిండు.

"పారెయ్! మందున్నది!"

పండ్లు కిందపడ్డయి. సృజన తాతను చూసింది.

"నీకెట్ల ఎరుక?"

ఆ పిల్ల చూపు అతని చేతిలోని సంచి మీదికి పోయింది.

ఇంతలో తల్లికోతి గోడ మీంచి జారి పడ్డది. నోట్లోంచి నురుగు. కాళ్లు కొట్టుకున్నయి, తరువాత కొట్టుకోలే. పిల్లకోతి ఇంకా రొమ్ము వదల్లే.

ఓంప్రకాశ్ సృజన చేతులను సబ్బుతో తోమి తోమి కడిగించిండు. మేడం ఏడుస్తున్న పిల్లలను బస్సెక్కించింది. పడిన పండ్లన్నీ గోనెసంచిలో వేసినంక ఓంప్రకాశ్ అడిగిండు.

"ఎవరు చేసిన్రిది?"

కొండల్ మనవరాలి దిక్కు చూసిండు. సృజన చచ్చిన తల్లికోతి మీది పిల్లను చూస్తున్నది.

"మా తాత, సార్."

గొంతు వణకలే.

ఫారెస్టోళ్ల జీపు వచ్చేదాకా కల్వర్టు మీద కూర్చోమన్నరు అతన్ని. బస్సు ఇంజను మొదలైంది. సృజన మెట్టు మీద నిలబడ్డది, చేతిలో సద్దిడబ్బా.

"పొద్దటిసంది ఏం తినలే బిడ్డా. పెరుగన్నమే, నేనే కలిపిన. గింత తిను."

ఆమె దిగొచ్చి డబ్బాను అతని కాళ్ల దగ్గర పెట్టింది.

"నీ చేతిది నాకొద్దు."

కండ్లలో చుక్క నీళ్లు లేవు. ఆ మొహం అతను ఎరిగినదే. రోజూ అద్దంలో చూసేదే. బస్సు మలుపు తిరిగేదాకా చూసిండు. ఆమె తిరిగి చూడలే.

ఓంప్రకాశ్ దూరంగా ఫోన్లో మాట్లాడుతుండు. మొండిచెయ్యి మొద్దు దిగి వచ్చింది. కొండల్ ఎదురుగా కూర్చొని డబ్బాను చూసింది, అతన్ని చూసింది. ఉన్న ఒక్క చెయ్యి చాపింది.

కొండల్ డబ్బాను ఒళ్లోకి తీసుకొని, మూత మీద రెండు చేతులు గట్టిగా అదిమి పెట్టిండు.