బూటు ఊడే బిగింపు

కువైట్ మాల్‌లో మంచు మీద జారే స్కీలు అమ్ముతున్నానే గానీ నేనెన్నడూ మంచు చూడలేదు. ఏటా చలికాలంలో ఒక పెద్దావిడ కొడుకు బూట్లు తెచ్చి, కొత్త స్కీలు బిగించమంటుంది.

"మళ్ళీ వచ్చారండీ ఆవిడ," అంది క్యాష్ దగ్గర జ్యోతిలక్ష్మి.

కొండ ఎక్కి కిందికి జారడానికి తేలికైన జత తీశాను. పడినప్పుడు స్కీ నుంచి బూటు ఊడి రావాలంటే, దాన్ని పట్టి ఉంచే బైండింగును మనిషి బరువు, వయసు చూసి బిగించాలి.

"వయసెంత, మేడం?"

"ఇరవై ఆరు."

పోయినేడూ అదే చెప్పింది, అంతకుముందూ అదే.

"మీవాడికి వయసు పెరగదా?" అని విసుక్కున్నాను.

ఆవిడ బూటు నా చేతికిచ్చింది. లోపల చెయ్యి పెడితే వేళ్ళకు మంచు తగిలింది.

"కొంచెం వదులుగా బిగించు," అంది. "కొండమీద వాడు పడిన రోజు బూటు ఊడి రాలేదు."